నొప్పి ఎవరిది, విలాపం ఎవరిది?

లక్డారంలో గుట్టను పేల్చే వేళకు మా బడిలో పాఠం దానంతటదే ఆగుతుంది. చప్పుడు చెవిన పడకముందే కాళ్లకింద నేల అదురుతుంది. వరండాలో పడుకునే ఊరకుక్క తోక ముడిచి నా కుర్చీకిందికి దూరి వణుకుతుంది. గోడ అవతల మేసే బర్రె తలుగు తెంపుకొని ఉరుకుతుంది. బడి ముందరి వేపచెట్టు మాత్రం క్రషర్ల దుమ్ము ఆకులకు పూసుకొని నిలబడే ఉంటుంది. క్వారీల పక్కన బతికే ఊళ్లవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

ఒకనాడు ఆ సమయానికి నేను చెబుతున్నది కరుణశ్రీ 'పుష్పవిలాపం'. ఆ ఏడు పాఠ్యపుస్తకంలో అది లేదు. అయినా ఏటా ఒక పీరియడు దానికి ఇస్తాను. ఘంటసాల పాడగా రేడియోలో విని కంటతడి పెట్టుకున్న తల్లి కడుపున పుట్టినవాణ్ణి. పేలుడు సద్దుమణిగాక వెనక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "పువ్వుకు నొప్పైతే మరి గా వేపచెట్టుకు గూడ నొప్పైతదా సార్?" అని అడిగాడు. పక్కవాడు ఊరుకోక, "గుట్టకు గాదా మరి?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. మేకకు నొప్పి ఉంటుందా అని మాత్రం ఆ పిల్లవాడు అడగలేదు. వాళ్లది మేకలు కాసే ఇల్లు. ఆ సంగతి వాడికి అడగకుండానే తెలుసు.

సాహిత్య పత్రికలో ఈ జీవశాస్త్ర చర్చ ఎందుకని మిత్రులు అనవచ్చు. కానీ నోరులేనివాటికి నోరిచ్చే పని ఆదికావ్యం నాటి నుంచీ మనం చేస్తూనే ఉన్నాం. వేటగాడి బాణానికి కూలిన క్రౌంచపక్షి దగ్గరే మన కావ్యం పుట్టిందని చెప్పుకుంటాం. ఎవరికి నోరు ఇస్తున్నాం, ఎవరికి ఇవ్వడం లేదు, ఇచ్చినచోట లోపల నిజంగా బాధ ఉందా లేదా అన్నవి విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలే. నా సంగతీ ముందే చెప్పుకోవాలి. నేను మాంసం తినేవాణ్ణి. శాకాహారాన్ని కులగౌరవంగా చెప్పుకునేవాళ్లు ఎదురైనప్పుడల్లా, "మొక్కకు మాత్రం నొప్పి లేదా? జగదీశ్ చంద్ర బోస్ రుజువు చెయ్యలేదా?" అని దబాయించేవాణ్ణి. ఇరవయ్యేళ్లు ఈ వాదం చేశాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఆ పిల్లవాడికి జవాబు చెప్పడానికి చదవడం మొదలుపెట్టాక నా వాదం నిలవదని తెలిసింది. మన పక్షానికి అక్కరకొస్తుందని తప్పుడు వాదాన్ని దాచుకోవడం శాస్త్రీయ దృష్టి కాదు గనక ఈ వ్యాసం.

ముందు రెండు మాటలను విడదీసుకోవాలి. ప్రతిచర్య వేరు, నొప్పి వేరు. కాలే పెనం మీద చెయ్యి పడిందనుకోండి. చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత గానీ 'అమ్మా' అనం. చెయ్యి లాగమన్న ఆజ్ఞ వెన్నుపాము దగ్గరే పుట్టి కండరానికి చేరుతుంది. కబురు మెదడుకు చేరి అక్కడ బాధగా అనుభవానికి రావడం ఒక క్షణం వెనక జరిగే పని. అంటే దెబ్బను పసిగట్టి తప్పుకోవడానికి నొప్పి అక్కర్లేదు. దెబ్బ 'నాకు' తగిలిందని లోపల ఒకరు పడే అవస్థ నొప్పి. ఆ లోపలి 'ఒకరు' ఏ ప్రాణిలో ఉన్నారు, ఏ ప్రాణిలో లేరు అన్నదే తేల్చుకోవలసింది. అవస్థ కంటికి కనపడదు. పక్కవాడి పంటినొప్పి కూడా మనకు కనపడదు. వాడు చెబితే నమ్ముతున్నాం. చెప్పలేనివాళ్ల మాటేమిటి?

చెప్పలేనివాళ్ల విషయంలో మనిషి చేసిన నిర్వాకం చిన్నది కాదు. 1980ల నడుమ దాకా పాశ్చాత్య దేశాల పెద్ద ఆసుపత్రుల్లో సైతం అప్పుడే పుట్టిన శిశువులకు చాలాచోట్ల సరైన మత్తు ఇవ్వకుండా, కదలకుండా మాత్రం మందిచ్చి శస్త్రచికిత్సలు చేశారు. పసిగుడ్డు నాడీమండలం ఇంకా పక్వం కాలేదన్నారు. ఏడుపు ఉత్త ప్రతిచర్య అన్నారు. పెద్దయ్యాక గుర్తుండదు కదా అన్నారు. 1987లో కె.జె.ఎస్. ఆనంద్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ నెలలు నిండని శిశువుల్లో కొందరికి శస్త్రచికిత్స సమయంలో బలమైన నొప్పి మందు కూడా ఇచ్చి చూశారు. ఆ పిల్లల శరీరం తక్కువ అలజడికి గురైంది, కోలుకోవడమూ మెరుగ్గా ఉంది. ఆ తర్వాతే వైద్యుల వాడుక మారింది. తల్లులకు ఈ పరిశోధన అవసరం లేకపోయింది. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లో తాను చేసిన నిర్వచనాన్ని 2020లో సవరించి, నోటితో చెప్పలేకపోవడం నొప్పి లేదనడానికి రుజువు కాదనీ, ఇది మనిషికీ ఇతర జంతువులకూ వర్తిస్తుందనీ వివరణ చేర్చింది. మూగవాళ్లకు నొప్పి లేదని తేల్చిన సందర్భాలను వరసబెట్టి చూడండి. ఆ తేల్పు వల్ల ఎవరి పని సులువైందో కనిపిస్తుంది.

జంతువుల సంగతికి రుజువు కోసం మేం దూరం పోనక్కర్లేదు. పటాన్‌చెరు చుట్టూ ఉన్నవి మందుల కంపెనీలు. కొత్త నొప్పి మందు మనిషి నోటికి చేరేముందు ప్రయోగశాలలో ఎలుకల మీద పరీక్షకు నిలవాలి. 1940ల నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పరీక్ష ఒకటుంది. సుమారు 55 డిగ్రీలకు వేడిచేసిన పలక మీద చిట్టెలుకను వదులుతారు. అది కాలు నాక్కోవడానికో ఎగరడానికో ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కిస్తారు. మందిచ్చి మళ్లీ వదులుతారు. సెకన్లు పెరిగితే మందు పనిచేసినట్టు. ఇంకొక పరీక్షలో కడుపులోకి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి, ఎన్నిసార్లు మెలికలు తిరిగిందో లెక్కపెడతారు. ఎలుకకు నొప్పి లేకపోతే ఈ పరీక్షలకు అర్థం లేదు, మనం మింగే మాత్రకూ పునాది లేదు. నొప్పి ఉన్నట్టయితే ఆ పలక మీద జరుగుతున్నదేమిటో ఒప్పుకోవాలి. ఎలుక మనలాగే బాధపడుతుంది కనక దాని మీద పరీక్షిస్తాం. మనలాగా బాధపడదు కనక పరీక్షించినా ఫరవాలేదంటాం. ఈ రెండు వాక్యాలూ ఒకే నోటి నుంచి వస్తాయి.

వేడి పలక మీద కాలు లాక్కోవడం మళ్లీ ప్రతిచర్యే కదా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న సబబే. అందుకే శాస్త్రవేత్తలు అంతటితో ఆగలేదు. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌట్ చేపల పెదవులలోకి ఆమ్లాన్నీ తేనెటీగ విషాన్నీ ఎక్కించారు. చేప దెబ్బ తప్పించుకొని పోయి మరిచిపోలేదు. తొట్టి అడుగున ఒరిగి ఊగింది. ఆమ్లం ఎక్కినవి పెదవిని గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. మార్ఫిన్ ఇస్తే ఈ చేష్టలు తగ్గాయి. మరొక ప్రయోగం నాకు ఇంతకంటే బలంగా తోచింది. తొందరగా బరువెక్కేలా పెంచిన బ్రాయిలర్ కోళ్లకు కాళ్లు కుంటివవుతాయి. 2000లో ప్రచురించిన ఒక పరిశీలనలో మామూలు దాణా ఒకవైపు, నొప్పి మందు కలిపిన దాణా ఒకవైపు పెట్టారు. కుంటికోళ్లు మందు దాణా ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటితనం ముదిరినకొద్దీ మందు ఎక్కువ తిన్నాయి. దాన్ని ప్రతిచర్య అని ఎవరంటారు? తన బాధ తనకు తెలిసి, ఏది తింటే తగ్గుతుందో నేర్చుకొని, దానివైపు నడిచిన జీవి అది. సన్యాసి పీతలు కరెంటు షాకు తగిలిన గుల్లను వదిలి వెళతాయి. కానీ గుల్ల మంచిదైతే అంత తేలిగ్గా వదలవు, బాధనూ ఇంటినీ బేరీజు వేసుకుంటాయి. ఇటువంటి సాక్ష్యాలు చూసే బ్రిటన్ 2022 నాటి చట్టంలో వెన్నెముక గల జంతువులతో పాటు పీతలు, రొయ్యలు, ఆక్టోపస్‌లను కూడా బాధ ఎరిగిన ప్రాణులుగా గుర్తించింది. పురుగుల సంగతి ఇంకా చర్చలోనే ఉంది.

మన రైతుకు ఈ ప్రయోగాలు చెబితే నవ్వుతాడు. కోడెకు ముక్కుతాడు ఎక్కించినవాడికి, విత్తులు కొట్టించేటప్పుడు నాలుగు కాళ్లు కట్టి పడేసి మెడ మీద కూర్చున్నవాడికి పశువు నొప్పి గురించి సందేహం ఉండదు. చట్టానికీ లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువును బాధపెట్టడం నేరమని చెప్పి, అదే సెక్షన్‌లో నిర్దేశించిన పద్ధతిలో కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాతలు పెట్టడం, ముక్కుతాడు వేయడం నేరం కాదని మినహాయించింది. మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. నొప్పి లేదని కాదు, పని నడవాలని ఆ మినహాయింపు. ఇందులో కనీసం నిజాయితీ ఉంది. రైతు తన పశువు నొప్పికి మందూ కొంటాడు. డైక్లోఫినాక్ అట్లా పశువైద్యంలోకి వచ్చిందే. ఆ మందు వేసుకొని చచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి రాలిపోయాయని 2004లో తేలింది, 2006లో మన దేశంలో దాని పశువైద్య వాడకాన్ని నిషేధించారు. ఒక ప్రాణి నొప్పి తీర్చిన మందు ఇంకొక జాతిని దాదాపు తుడిచిపెట్టింది. అది వేరే వ్యాసం.

మన భాషను కూడా ఒకసారి తట్టి చూడండి. మనిషిని క్రూరంగా కొడితే 'గొడ్డును బాదినట్టు బాదాడు' అంటాం. గొడ్డును బాదినప్పుడు మాత్రం పోలిక అక్కర్లేదు, అది వట్టి బాదడమే. రోజూ అరిచే, రంకెవేసే, మూలిగే పశువును 'నోరులేని జీవం' అంటాం. లేనిది దాని నోరు కాదు.

ఇక మొక్క. అత్తిపత్తిని ముట్టుకుంటే ముడుచుకుంటుంది, దానికి సిగ్గని పేరు పెట్టాం. అది ఆకు మొదట్లోని కణాల్లో నీరు ఒక్కసారి జారిపోవడం వల్ల జరిగే పని. విద్యుత్ సంకేతం వెంట కొమ్మంతా పాకుతుంది. 1878 నాటికే క్లాడ్ బెర్నార్డ్ ఈథర్ పట్టిస్తే అత్తిపత్తి ముడుచుకోవడం మానుతుందని చూపాడు. మత్తుమందు పనిచేసిందంటే నొప్పి ఉన్నట్టే కదా అని నేనూ ఒకప్పుడు ఎగిరి గంతేశాను. కానీ మత్తుమందు కణం పొర మీదనే పనిచేస్తుంది, మెదడూ నరమూ లేని ఏకకణ జీవులను కూడా అది నిలిపేస్తుంది. కుంటికోడి లాగా మందును వెతుక్కుంటూ పోవడం దీనికి పూర్తిగా వేరు.

మొక్క దెబ్బను ఎరగదని మాత్రం అనలేం. మా పెద్దలకు ఇది బాగా తెలుసు. వానలు ముఖం చాటేసిన ఏడు జొన్న వాడినప్పుడు, కోసిన మోళ్ల నుంచి లేత పిలకలు లేచినప్పుడు పశువులను ఆ చేనిలోకి పోనివ్వరు. నాము ఎక్కుతుందంటారు. జొన్న ఆకులో ధుర్రిన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకొకచోట విడివిడిగా ఉంటాయి. పశువు నమిలి ఆకును నలిపితే రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. పశువు రొప్పుతూ కూలబడి, వైద్యం అందకపోతే కాసేపట్లో పోతుంది. శనగచేనిలో నడిస్తే కాళ్లకు అంటే పులుపు కూడా ఇటువంటిదే. ఆ ఆకుల మీది మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలు కాయతొలిచే పురుగుకు అడ్డు. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ పంటల్లో జొన్నా శనగా రెండూ ఉన్నాయి, ఆ పులుపు మీద అక్కడ పరిశోధన కూడా జరిగింది. మొక్క కోపంతో విషం పెట్టిందనవచ్చు, కవిత్వంలో. నిజానికి అక్కడ కోపపడటానికి ఎవరూ లేరు. నాము ఎక్కిన చేనులో నొప్పి ఒక్కచోటే ఉంది. కూలబడిన ఆవులో ఉంది.

ఇటీవల వచ్చిన రెండు వార్తల వల్ల నాబోటివాళ్ల వాదం మళ్లీ ఊపందుకుంది. 2018లో ఒక చిన్న మొక్క ఆకును గొంగళిపురుగు కొరికినప్పుడు గ్లుటమేట్ విడుదలై, కాల్షియం తరంగం సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఇతర ఆకులకు పాకడాన్ని వెలుగు రూపంలో చిత్రీకరించారు. గ్లుటమేట్ మన మెదడులోనూ కబుర్లు మోస్తుంది. 2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంవారు నీరందని, కాండం తెగిన టమాటా, పొగాకు మొక్కలు గంటకు 30 నుంచి 50 దాకా టిక్కుమనే చప్పుళ్లు చేస్తాయని పట్టుకున్నారు. మన చెవి అందుకోలేని ఎత్తైన ధ్వనులవి. పత్రికలు 'మొక్కల ఆర్తనాదం' అని శీర్షికలు పెట్టాయి. నీటి నాళాలలో గాలిబుడగలు పుట్టి పగలడం వల్ల ఆ చప్పుడు వస్తుండవచ్చని పరిశోధకుల అభిప్రాయం. ఎండిన కిటికీ చెక్క రాత్రిపూట చిటుక్కుమంటే దాన్ని ఏడుపు అంటామా? ఒకే కబురు మోసే రసాయనం రెండుచోట్ల ఉన్నంత మాత్రాన రెండుచోట్లా కబురు అందుకొనే మెదడు ఉన్నట్టు కాదు. టపా వచ్చే ఇళ్లన్నిట్లో చదివేవాడు ఉండడు.

అసలు నొప్పి ఎందుకు పుట్టింది? కదలగలిగిన ప్రాణికి అది పనికొస్తుంది. పారిపో, కాలు ఆనించకు, మళ్లీ ఇటు రాకు అని చెబుతుంది. వేపచెట్టు ఎటు పోతుంది? మేక సగం ఆకు మేస్తే మళ్లీ చిగురిస్తుంది, కొమ్మ నరికితే పక్కన మరొకటి వేస్తుంది. ఏ ఒక్క భాగంలోనూ దాని ప్రాణం గుత్తగా లేదు, అన్ని కబుర్లనూ ఒకచోట పోగేసి బాధపడే కేంద్రమూ లేదు. మొక్కలకు చైతన్యం లేదు, అవసరమూ లేదని 2019లో కొందరు వృక్షశాస్త్రజ్ఞులు కలిసి రాసిన వ్యాసం సారాంశం ఇదే. రుజువు లేనంత మాత్రాన అసాధ్యమనలేం గదా అని భావవాద మిత్రులు అంటారు. అనలేం. కానీ కోడికి ఉన్నంత సాక్ష్యంలో వెయ్యోవంతు కూడా జొన్నకు లేనప్పుడు, రెండింటినీ ఒక గాటన కట్టడం జొన్న మీద ప్రేమతో కాదు. కోడి నోరు మూయడానికి.

మరి బోస్? మొక్కకు ప్రాణముందని ఆయన కనుక్కున్నాడని పాఠం చెబుతాం. మొక్కకు ప్రాణముందన్న సంగతి విత్తనం నాటిన ప్రతి రైతుకూ అంతకు ముందే తెలుసు. బోస్ చేసింది వేరు, నిజంగా గొప్పది. గిచ్చినప్పుడు, కాల్చినప్పుడు, విషం పెట్టినప్పుడు మొక్కలో విద్యుత్ స్పందన పుడుతుందని సున్నితమైన పరికరాలు స్వయంగా తయారుచేసి చూపాడు. కానీ ఆయన అక్కడ ఆగలేదు. 1901లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, 1902 నాటి పుస్తకంలో కండరం, మొక్క, లోహం - మూడింటి స్పందన గీతలనూ పక్కపక్కన పెట్టాడు. తగరపు తీగ కూడా అలసిపోతుంది, మందు పెడితే తేరుకుంటుంది, విషం పెడితే చచ్చుబడుతుంది. గీతల పోలికే నొప్పికి రుజువైతే, మా తరగతిలో 'గుట్టకు గాదా మరి' అన్న పిల్లవాడే గెలిచాడు. గుట్టకూ నొప్పే, క్రషర్‌లో పడ్డ కంకరకూ నొప్పే. అన్నిటికీ నొప్పి ఉందన్నప్పుడు ఆ మాటకు విలువ పోతుంది. పదార్థమంతటా స్పందన ఉంది, నిజమే. ఆ స్పందన నొప్పిగా మారడానికి నరమూ మెదడూ అనే ప్రత్యేక నిర్మాణం కావలసివచ్చింది. పరిమాణం గుణంగా మారే ఆ మెట్టును చెరిపేస్తే మిగిలేది భౌతికవాదం కాదు, సర్వం చైతన్యమయం అనే పాత వేదాంతమే.

ఆ వేదాంతం వెనక కూడా మంచి పరిశీలన ఉందని మరవకూడదు. భారతం శాంతిపర్వంలో భృగువు భరద్వాజుడితో చెట్లకు ఇంద్రియాలున్నాయని వాదిస్తాడు. వేడికి ఆకు వాడుతుంది గనక స్పర్శ ఉందంటాడు. పిడుగు చప్పుడుకు పూలూ కాయలూ రాలుతాయి గనక వినికిడి ఉందంటాడు. తీగ దారి వెతుక్కుంటుంది గనక చూపు ఉందంటాడు. నరికితే మళ్లీ చిగురించడాన్ని సుఖదుఃఖాలకు గుర్తుగా తీసుకుంటాడు. చూసినదంతా నిజం, తేల్చిన చివరి మాట తొందరపాటు. అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు ఇంకొక దారి పట్టాడు. మాంసం అమ్ముకునే అతను బ్రాహ్మణుడికి ధర్మం చెబుతూ, నాగలి కింద ఎన్ని జీవులు నలుగుతున్నాయో, ధాన్యపు గింజల్లో ఎంత ప్రాణముందో చూడమంటాడు. నేను ఇరవయ్యేళ్లు వాడిన వాదానికి తాత ఇతనే. కానీ నాగలి కింద నలిగేవి ఎలుకలూ పురుగులూ అన్న భాగం నిలుస్తుంది, గింజ భాగం నిలవదు.

మన సాహిత్యానికి వద్దాం. 'పుష్పవిలాపం'లో పూలు చెప్పుకునే బాధలు ఏమిటి? తల్లి ఒడి నుంచి వేరుచేశారని, గొంతుకు ఉరి బిగించారని, సూదులు గుచ్చారని, అత్తరు కోసం ఉడికించారని, వాడాక పారేశారని. ఇందులో పువ్వు బాధ ఒక్కటీ లేదు. పువ్వుకు తల్లి లేదు, గొంతు లేదు. ఇవి మన ఇళ్లలో ఆడపిల్లల బాధలు. విన్నప్పుడు మా అమ్మ కంట నీరు వచ్చింది పూలకోసమని నేను అనుకోను. ఆ పద్యాలు నిలిచింది అందుకే, అందుకే వాటిని ఏటా చెబుతాను. జాషువా 'గబ్బిలం'లో ఈ సంగతి దాపరికం లేకుండా ఉంది. మనిషికి ప్రవేశం లేని గుడిలో గబ్బిలానికి ఉంది. బాధ మనిషిది, గబ్బిలం కబురు మోస్తుంది. ఎవరూ దాన్ని జంతుశాస్త్రంగా చదవరు. పుష్పవిలాపాన్ని మాత్రం వృక్షశాస్త్రంగా చదివి కళ్లు తుడుచుకొని, సాయంత్రం పూలదండ కొనుక్కొని వెళతాం. కల్లు గీసినప్పుడు కారేది తాటిచెట్టు కన్నీరని రాసిన కవితలు సభల్లో విన్నాను. చెట్టు మీది నుంచి జారిపడి నడుము విరిగిన గౌడన్న ఆ కవితల్లో లేడు.

దీనికి ఎదురుగా నన్నయ ఆదిపర్వం తెరవండి. మహాభారత కథ మొదట్లోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడి తమ్ములు యాగం జరిగేచోట సారమేయాన్ని కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. సరమ రాజు దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. మాట్లాడటం కల్పన. దెబ్బ, ఏడుపు, తల్లి దగ్గరికి పరుగు - ఈ మూడూ కల్పన కావు, మా బడి వరండాలో రోజూ చూసేవే. కల్పన ఉన్న బాధను మాటల్లో పెట్టింది, లేని బాధను పుట్టించలేదు. రెండు విలాపాలకూ ఉన్న తేడా నా మటుకు ఇదే.

తిండి దగ్గరికి రాకుండా ఈ వ్యాసం ముగిస్తే దొంగతనం చేసినట్టే. మేకకు నొప్పి ఉంది. నేను తింటున్నాను. 'గోంగూరకూ నొప్పే' అని తప్పించుకునే దారి నాకిక లేదు. కానీ ఈ ఒప్పుకోలు పీటమీద కూర్చున్న శాకాహారి గెలుపు కాదు. పాలకోసం తల్లికి దూరంగా కట్టేసిన దూడ, ముక్కుతాడు వేసుకొని అతని వరిమడి దున్నిన ఎద్దు, మడికట్టుకున్న పట్టుబట్ట కోసం గూడుతో సహా ఉడికిన పురుగు ఎవరి లెక్కలో రాసుకోవాలి? ఎవరి పళ్లెంలో ఏముందన్న దాన్నిబట్టి మనుషుల విలువ కొలిచే సమాజంలో జంతు కారుణ్యం కూడా కొందరి చేతిలో ముల్లుగర్ర అవుతుంది. దానికి జవాబు కులం గురించి, బతుకుతెరువు గురించి సూటిగా మాట్లాడటం. జొన్నకు లేని నొప్పిని అంటగట్టడం కాదు. అట్లాగే, చెట్టును నరకడం తప్పు కావడానికి చెట్టుకు నొప్పి ఉండనక్కర్లేదు. నీడ పోతుంది, గూళ్లు పోతాయి, వాన నీరు నిలవదు. ఈ కారణాలు చాలవని కన్నీరు అద్దుతున్నామంటే వాటి మీద మనకే నమ్మకం లేనట్టు.

2025 ఉగాది రోజుల్లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్క కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి మీదికి యంత్రాలు వచ్చి చెట్లు కూల్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. జనాన్ని కదిలించిన వాటిలో చట్టం వాదనలకంటే రాత్రిపూట వినిపించిన నెమళ్ల కేకలు ముందున్నాయి. కూలింది చెట్లు, అరిచింది నెమళ్లు. గొంతు ఉన్నదాని బాధ మనకు అందింది.

అక్కడికి ఎంతో దూరం లేని మా ప్రాంతంలో గొంతు లేనివి చస్తుంటాయి. నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం చేతులు మారి మారి, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు దాకా నడిచింది. ఆ 2017 అక్టోబరులోనే గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు చేపకు కిలో ధర ఉంటుంది, వలవాళ్ల ఉపాధికి ఒక అంకె ఉంటుంది. ఊపిరాడని చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది, మూస్తుంది. చప్పుడు రాదు. దాని పెదవికీ మెదడుకూ మధ్య ఏముందో ట్రౌట్ ప్రయోగం తర్వాత మనకు తెలుసు. ఆ చెరువు మీద వార్తలు చదివాను. కవిత ఒక్కటీ నా కంటపడలేదు.

మా తరగతికి ఈ మాటలన్నీ చెప్పలేదు. చెట్టుకు దెబ్బ తెలుసు, నొప్పి తెలియదని చెప్పాను. గుట్టకు రెండూ తెలియవని చెప్పాను. తర్వాత ఒక పని పెట్టాను. ఏదైనా ఒక జంతువు బాధను దాని చేత మాట్లాడించకుండా, 'అయ్యో' అనకుండా ఒక పేజీ రాసుకు రమ్మన్నాను. ఎక్కువమంది కుక్క మీద రాశారు, సగం మంది దాని చేత మాట్లాడించనే మాట్లాడించారు. మేకలవాళ్ల పిల్లవాడు ఎండాకాలంలో మంద వెనక పడిపోయిన కుంటిమేక గురించి రాశాడు. ఏ కాలు నేలకు ఆనించలేదో, గుట్ట దిగేటప్పుడు ఎన్నిచోట్ల ఆగిందో, వాళ్ల నాయిన దాన్ని భుజాన వేసుకొని ఎక్కడి నుంచి ఎక్కడికి మోశాడో రాశాడు. నొప్పి అన్న మాట ఒక్కసారీ లేదు. దాన్ని తర్వాతి సంతలో అమ్మేశారని చివర రాసి, ఎంతకు అమ్మారో కూడా రాశాడు.